మల్బరీ చెట్టు ఆకులు వేస్తుంది సరే, కాయలు ఎందుకు కాయదు?

పెరట్లోనో మిద్దె మీదో మల్బరీ వేసుకున్నవాళ్ల నుంచి తరచూ వినిపించే ఫిర్యాదు ఒకటుంది. చెట్టు ఏపుగా పెరిగింది, ఆకులు అరచేయి కంటే పెద్దగా ఉన్నాయి, కాయ మాత్రం కనబడదు. ఇంకొందరి గోడు వేరు. కాయలు వస్తాయి, కానీ చప్పగా ఉంటాయి, లేదా పండకముందే రాలిపోతాయి. సలహా అడిగితే తలా ఒక మాట చెబుతారు. ఒకరు మొదలుదాకా కొట్టేయమంటారు, ఇంకొకరు కత్తెర పెట్టొద్దంటారు. ఒకరు పశువుల ఎరువు దండిగా వేయమంటారు, ఇంకొకరు ఎరువు ఎక్కువైనందుకే కాయడం లేదంటారు. మగ చెట్టు పడి ఉంటుంది, పీకేయమనేవాళ్లూ ఉన్నారు.

ఈ సలహాల్లో చాలావరకు అబద్ధాలు కావు. కాకపోతే అవన్నీ ఒకే చెట్టు గురించి చెప్పినవి కావు. పట్టుపురుగులకు ఆకు పెంచే రైతు అనుభవం ఒకటి. మంచు కురిసే దేశంలో ఏడాదికి ఒక్క కాపు తీసుకునేవాళ్ల అనుభవం ఇంకొకటి. మన ఎండల్లో పండు కోసం ఇంటి దగ్గర పెంచుకోవడం మూడో సంగతి. ఒకరి పద్ధతి ఇంకొకరి చెట్టుకు తగిలించడం వల్లే గందరగోళమంతా. మన చెట్టు ఏది, మనకు కావలసింది ఏమిటి అని ముందు తేల్చుకుంటే మిగతా చిక్కుముడి సులువుగా విడిపోతుంది.

ఆకు కోసం ఎంచిన రకాలు

మన దగ్గర మల్బరీ అంటే మొదట పట్టే గుర్తొస్తుంది. హిందూపురం, మడకశిర, మదనపల్లె, పలమనేరు వైపు పొలాల్లో వరుసలుగా, దట్టంగా కనిపించే పంట ఇదే. హిందూపురంలో పట్టుగూళ్ల మార్కెట్ ఉంది, దగ్గర్లోని కిరికెరలో పట్టు పరిశోధన సంస్థ ఉంది. తెలంగాణలో జనగామ, సిద్దిపేట వైపు కూడా రైతులు వేస్తున్నారు. ఈ పొలాల్లో ఎక్కువగా కనిపించేది వి-1 రకం. మైసూరులోని కేంద్ర పట్టు పరిశోధన శిక్షణ సంస్థ దాన్ని 1990లలో విడుదల చేసింది. ఎం-5, ఎస్-36, వర్షాధార భూములకు ఎస్-13 లాంటి పేర్లు కూడా పట్టు రైతులకు బాగా తెలుసు.

వీటన్నిటినీ ఎంపిక చేసింది ఆకు చూసి. ఎకరానికి ఎంత ఆకు వస్తుంది, ఆ ఆకు ఎంతసేపు వాడకుండా ఉంటుంది, పురుగు ఎంత ఇష్టంగా తింటుంది అన్నవే అక్కడ లెక్క. ఎరువుల సిఫార్సు చూసినా విషయం అర్థమవుతుంది. నీటి వసతి ఉన్న వి-1 తోటకు ఏడాదికి హెక్టారుకు 350 కిలోల నత్రజని, భాస్వరం, పొటాష్ చెరి 140 కిలోలు ఇమ్మంటారు. ఇది ఆకును తోసుకొచ్చే మోతాదు. పైగా రైతు రెండు, రెండున్నర నెలలకోసారి కొమ్మలు కోసి పురుగులకు వేస్తాడు. ఏడాదికి అయిదు కోతల దాకా తీస్తాడు. ఆ చెట్టుకు పండు పండించే తీరికే ఉండదు, రైతుకు ఆ పండుతో పనీ లేదు.

ఈ రకాలకు కాయలు కాయవని కాదు. ఇంటి దగ్గర కుదురుగా పెరగనిస్తే కాస్తాయి, పిల్లలు ఇష్టంగానే తింటారు. పండు సైజు, తీపి చూసి ఎంచిన రకాలు కావు, అంతే. రోడ్డు పక్క నర్సరీలో "మల్బరీ" అని చెప్పి ఇచ్చే మొక్క ఏ రకమో అమ్మేవాళ్లకే చాలాసార్లు తెలియదు. అది పట్టు తోట కొమ్మ నుంచి వచ్చినది కావచ్చు, మంచి పండ్ల రకమూ కావచ్చు. కాయ ఉన్న చెట్టును చూసి, రుచి చూసి, ఆ చెట్టు కొమ్మనే తెచ్చుకోవడం అన్నిటికన్నా నమ్మకమైన దారి.

తెల్లది, నల్లది, పొడుగుది

రంగుల పేర్లు ఇంకో తికమక. శాస్త్రజ్ఞులు తెల్ల మల్బరీ అనే జాతి చైనాది. దాని పండు తెల్లగా ఉండొచ్చు, గులాబీ రంగులో ఉండొచ్చు, పూర్తిగా నల్లగానూ ఉండొచ్చు. నల్ల మల్బరీ అనేది వేరే జాతి, పశ్చిమాసియాది. పండు లావుగా, పులుపూ తీపీ కలిసి, రుచిలో అన్నిటికన్నా గొప్పదని పేరు. ఎర్ర మల్బరీ అమెరికా తూర్పు భాగపు అడవుల్లోది. నల్ల మల్బరీ కణంలో 308 క్రోమోజోములు ఉంటాయి, తెల్ల మల్బరీకి మామూలుగా 28 మాత్రమే. రంగు ఒకటైనంత మాత్రాన జాతి ఒకటి కాదనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

ఈ తేడా పట్టించుకోనందుకు రాజులే దెబ్బతిన్నారు. ఇంగ్లండు రాజు మొదటి జేమ్స్ తన దేశంలోనూ పట్టు తీయాలని 1609లో లండన్‌లో మల్బరీ తోట వేయించాడు. నాటించినవి నల్ల మల్బరీలు. పట్టుపురుగుకు ఇష్టమైనది తెల్ల మల్బరీ ఆకు. పట్టు పరిశ్రమ నిలబడలేదు, పండ్లు మాత్రం మిగిలాయి.

మన మైదానాల్లో "బ్లాక్ మల్బరీ" పేరుతో దొరికేవి దాదాపు అన్నీ తెల్ల మల్బరీ, భారతీయ మల్బరీ కుటుంబానివే. అసలు నల్ల మల్బరీ మన వేడికి, తేమకు కుదురుకోదు. కాబట్టి ఆ పేరు చూసి ఎక్కువ ధర పెట్టాల్సిన అవసరం లేదు. వేలు పొడవున సన్నగా వేలాడే కాయల రకం ఒకటుంది. ఉత్తరాదిన షహతూత్ అని అమ్మే వాటిలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. ఇది తియ్యగా ఉంటుంది, పులుపు తక్కువ. అచ్చంగా తినడానికి పొడుగు రకం బాగుంటుంది, జామ్‌కూ షర్బత్‌కూ పొట్టి నల్లటి రకం బాగుంటుంది. మన పల్లెల్లో పాతవాళ్లు కంబళి పండ్లు అనేది ఎక్కువగా ఈ పొట్టి రకాన్నే.

మగ చెట్టు సంగతి

మల్బరీలో మగ పూలు, ఆడ పూలు వేరువేరుగా ఉంటాయి. కొన్ని చెట్లకు మగ పూలే వస్తాయి, కొన్నిటికి ఆడ పూలే, కొన్నిటికి రెండూ. ఒకే చెట్టు మీద ఒక కొమ్మ మగదిగా, ఇంకో కొమ్మ ఆడదిగా ఉండటమూ చూడొచ్చు. గుర్తుపట్టడం కష్టం కాదు. కొత్త చిగురు మొదట్లో వేలాడే చిన్న కంకిని దగ్గరగా చూడండి. వదులుగా, మెత్తగా, పసుపు తిరిగిన లేత రంగులో ఉండి, కొన్నాళ్లకు వాడి రాలిపోతే మగది. గట్టిగా, ఆకుపచ్చగా, చిన్న కాయ ఆకారంలోనే ఉండి, ఒళ్లంతా తెల్లటి సన్నని నూగు పోగులు బయటికొచ్చి ఉంటే ఆడది. ఆ పోగులు కీలాగ్రాలు, ఒక్కో పువ్వుకు రెండేసి ఉంటాయి.

ఆ చిన్న కంకే పండవుతుంది. మనం ఒక పండు అనుకునేది నిజానికి పదుల కొద్దీ పూల గుత్తి. ప్రతి గింజ చుట్టూ ఉన్న పూరేకుల లాంటి తొడుగు ఉబ్బి రసం పడుతుంది. పనసకాయలో ఒక్కో తొన ఒక్కో పువ్వు నుంచి వచ్చినట్టే ఇదీ. రెండూ ఒకే కుటుంబం. రావి, మర్రి, మేడి కూడా వీటి చుట్టాలే, తుంచితే కారే పాలు చూస్తే తెలిసిపోతుంది.

ఆడ చెట్టుకు తోడుగా మగ చెట్టు ఉండాలా అని చాలామంది అడుగుతారు. ఇంటి దగ్గర పెంచే చాలా రకాలకు అక్కర్లేదు. పుప్పొడి పడకపోయినా కాయ ఊరుతుంది, గింజ తాలు పోతుంది, అంతే. మనకది మంచిదే. గాలి ఉంటే మల్బరీ పుప్పొడి చాలా దూరం పోతుంది కూడా. తెల్ల మల్బరీ మగ పువ్వులో కేసరం వంగి, బిగుసుకుని ఉండి, ఒక్కసారిగా విచ్చుకుని పుప్పొడిని విసురుతుంది. సెకనును పది లక్షల భాగాలు చేస్తే అందులో 25 భాగాలంత సమయంలో ఈ పని అయిపోతుందనీ, ఆ వేగం ధ్వని వేగంలో సగానికి పైనే ఉంటుందనీ 2006లో పరిశోధకులు కొలిచి చెప్పారు. మొక్కల్లో తెలిసిన అతి వేగమైన కదలికల్లో ఇదొకటి.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఇది బాగా ఉపయోగపడే విషయం. టెక్సస్, ఆరిజోనా, నెవాడాల్లో పాత ఇళ్ల ముందు నీడ కోసం పెంచిన పెద్ద మల్బరీ చెట్లు ఎక్కువగా "ఫ్రూట్‌లెస్" పేరుతో అమ్మినవి, అంటే అంటు కట్టిన మగ చెట్లు. కాయలు రాలి కార్లు, నడకదారులు పాడవకూడదని అవి నాటారు, తర్వాత పుప్పొడితో అలర్జీలు పెరిగాయి. లాస్ వెగాస్ ప్రాంతంలో 1991లో, ఎల్ పాసోలో 1992లో వాటి అమ్మకాలే ఆపేశారు. అలాంటి చెట్టుకు ఎన్నేళ్లు నీళ్లు పోసినా కాయ రాదు. నరికేయడం ఇష్టం లేకపోతే మంచి ఆడ రకం కొమ్మను దాని మీద అంటు కట్టించవచ్చు, అది పట్టుకుంటుంది.

మన దగ్గర కొమ్మ నాటి పెంచిన చెట్టు తల్లి చెట్టు లాగే ఉంటుంది. మగ చెట్టు పడే ప్రమాదం గింజ నుంచి మొలిచిన మొక్కకు ఎక్కువ, పైగా అది కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. పిట్టలు తిని వేసిన గింజతో గోడ పక్కన మొలిచిన మొక్కను అలాగే పెంచుకుంటున్నవాళ్లు పూత చూసేదాకా దాని మీద పెద్దగా ఆశ పెట్టుకోకపోవడం మంచిది.

కాయ ఎక్కడ పుడుతుంది?

అన్నిటికన్నా ముఖ్యమైన విషయం ఇది. ఇది తెలిస్తే కత్తిరించాలా వద్దా అన్న గొడవ సగం తీరిపోతుంది.

మల్బరీ కాయ కొత్త రెమ్మ మీద వస్తుంది. ఆ కొత్త రెమ్మ ముదిరిన కొమ్మ మీది మొగ్గ నుంచి రావాలి. బూడిద రంగుకు తిరిగిన, పెన్సిల్ లావు కొమ్మను ఒకదాన్ని తీసుకుని చూడండి. ప్రతి ఆకు తొడిమ మొదట్లో, కొమ్మకూ తొడిమకూ మధ్య, గోధుమ రంగు పొలుసులతో కప్పిన మొనదేలిన మొగ్గ ఉంటుంది. ఆకు ఉన్నంతకాలం అది నిద్రపోతూనే ఉంటుంది. ఆకు రాలినా, మనం తుంచినా, కొమ్మ చివర కత్తిరించినా ఆ మొగ్గ ఉబ్బుతుంది. పొలుసులు విడి ఆకుపచ్చ మొన బయటికొస్తుంది. రెండు మూడు లేత ఆకులు ఇంకా ముడుచుకుని ఉండగానే వాటి మొదట్లో కాయ కంకులు కనిపిస్తాయి. మొగ్గ విడిచేనాటికే కాయ ఉందో లేదో తేలిపోయి ఉంటుంది. లేకపోతే ఆ రెమ్మ వచ్చే చిగురుదాకా ఆకే పెంచుతుంది.

ఇప్పుడు సలహాల దగ్గరికి వద్దాం. మంచు దేశాల్లో చలికాలం ఆకు రాల్చే పని తనే చేస్తుంది. వసంతంలో మొగ్గలన్నీ ఒక్కసారి విడిచి ఒకే కాపు వస్తుంది. ఆ మొగ్గలున్న కొమ్మల్ని చలికాలంలో బాగా కత్తిరిస్తే ఆ ఏడాది కాపు పోయినట్టే. అందుకే అక్కడివాళ్లు కత్తెర జోలికి పోవద్దంటారు. మన దగ్గర చెట్టుకు పూర్తి విశ్రాంతి దొరకదు. నీళ్లు ఉంటే ఏడాది పొడుగునా ఆకు పచ్చగానే ఉంటుంది, మొగ్గలు నిద్రలేవవు, కొమ్మ చివరే పొడుగ్గా సాగుతూ పోతుంది. "చెట్టు ఏపుగా ఉంది, కాయ లేదు" అన్న మాటకు అసలు కారణం ఎక్కువసార్లు ఇదే. ఇక్కడ చలికాలం చేసే పని మన చేతులతో చెయ్యాలి.

ఎలాగంటే, ముదిరిన కొమ్మల చివర్లు పావు వంతు నుంచి మూడో వంతు దాకా కత్తిరించాలి. మిగిలిన కొమ్మల మీది ఆకులన్నీ చేత్తో తీసేయాలి. తీసేటప్పుడు కింది నుంచి పైకి లాగితే తొడిమతో పాటు మొగ్గ కూడా ఊడిపోతుంది. అందుకే ఆకును కిందికి వంచి తుంచాలి, లేదా తొడిమ సగం వదిలి కత్తిరించాలి. తొడిమ ముక్క నాలుగు రోజుల్లో దానంతటదే రాలిపోతుంది. సన్నగా పచ్చగా ఉన్న బలహీనపు రెమ్మలు, లోపలికి పెరిగేవి, ఒకదానికొకటి రాసుకునేవి మొదలుకంటా తీసేయండి. తర్వాత పాదు గుల్ల చేసి, మాగిన పశువుల ఎరువు వేసి, నిండుగా నీళ్లు పెట్టండి. రెండు వారాలు తిరక్కుండా కణుపు కణుపుకూ చిగురు కనిపిస్తుంది. కత్తిరించిన నెలన్నర నుంచి రెండు నెలల్లో పండు చేతికొస్తుంది.

చెట్టును మొదలుదాకా కొట్టేస్తే ఏమవుతుంది? చావదు, గట్టి చెట్టు. లావైన పాత మొద్దు మీద నిద్రపోయే మొగ్గల నుంచి బారెడు బారెడు రెమ్మలు దూసుకొస్తాయి, వాటి మీద పెద్ద ఆకులు వస్తాయి. పట్టు రైతుకు కావలసింది అదే. మనకు కావలసిన కాయ రావాలంటే ఆ రెమ్మలు ముదిరి, బూడిద రంగుకు తిరిగి, మళ్లీ చిగురించేదాకా ఆగాలి. చెట్టు చేతికందనంత పెరిగిపోయినప్పుడు ఆకారం కోసం ఒకసారి ఇలా కొట్టొచ్చు, పండు కోసం మాత్రం కాదు.

ఏ నెలలో చెయ్యాలి? నా లెక్కలో మన వాతావరణానికి రెండు సమయాలు బాగా కుదురుతాయి. వానలు వెనకబడ్డాక అక్టోబరు చివర్లో ఒకటి, చలి తగ్గుముఖం పట్టే జనవరిలో ఒకటి. జనవరిలో చేస్తే మార్చిలో పండ్లు వస్తాయి. ఎండ ముదురుతున్నా ఇంకా మాడ్చెయ్యదు, పండులో తీపి బాగా పడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో చిగురించేలా చేస్తే రాయలసీమ, తెలంగాణ ఎండలకు లేత కాయ వాడి రాలుతుంది. జులై, ఆగస్టుల్లో చేస్తే ఆకు విరగబడి వస్తుంది, పండు మాత్రం నీళ్లోడుతూ చప్పగా ఉంటుంది, బూజు కూడా తొందరగా పడుతుంది. చెట్టు మొత్తాన్ని ఒకేసారి కత్తిరించకుండా సగం ఒకసారి, మిగతా సగం మూడు వారాల తర్వాత చేస్తే కాపు విడతలుగా వస్తుంది. నలుగురున్న ఇంటికి ఈ పద్ధతే నయం. లేకపోతే పండ్లన్నీ ఒకేసారి మీద పడతాయి.

నాటడం, నీళ్లు, ఎరువు

కొమ్మ నాటడం తేలికే. ఆరు నుంచి ఎనిమిది నెలలు ముదిరిన పెన్సిల్ లావు కొమ్మను జానెడు పొడవున, మూడు నాలుగు కణుపులు ఉండేలా కత్తిరించి, ఒక కణుపు మాత్రం పైకి ఉండేలా నాటాలి. తొలకరి సమయం అన్నిటికన్నా అనుకూలం. వారం పది రోజుల్లో చిగురు వస్తే వేరు పట్టిందని సంబరపడి పీకి చూడొద్దు. అది కొమ్మలో నిల్వ ఉన్న సత్తువతో వచ్చిన చిగురు, వేరు తర్వాత వస్తుంది. ఆ చిగురుతో పాటే బుల్లి కాయలు కూడా రావచ్చు. ముద్దుగా ఉంటాయి, కానీ తుంచేయండి, ఆ కొమ్మకు ముందు వేరు కావాలి.

నేలలో వేస్తే గోడకు, సెప్టిక్ ట్యాంకుకు, నీళ్ల సంపుకు, డ్రైనేజీ పైపులకు దూరంగా వేయండి. తేమ ఎక్కడుంటే వేరు అక్కడికి పోతుంది. కారు నిలిపే చోట, బట్టలు ఆరేసే తీగ మీదికి కొమ్మలు రాకుండా చూసుకోండి, పండు పడితే మరక, పిట్ట రెట్ట పడితే ఇంకా మరక. రోజుకు కనీసం ఆరు గంటలు ఎండ తగలాలి, నీడలో ఆకులే పెరుగుతాయి.

మిద్దె తోటవాళ్లకు మల్బరీ మంచి ఎంపిక. అడుగున్నర నుంచి రెండు అడుగుల వెడల్పున్న కుండీ చాలు. ఎర్రమట్టి, మాగిన ఎరువు, కొంచెం కోకోపీట్, గుప్పెడు వేపపిండి కలిపి నింపండి. కుండీలో వేరు ఇరుకుగా ఉండటం వల్ల చెట్టు అదుపులో ఉంటుంది, కత్తిరించడమూ ఆకు తుంచడమూ సులువు. రెండేళ్లకోసారి బయటికి తీసి చుట్టుకుపోయిన వేళ్లు కత్తిరించి కొత్త మట్టి పెట్టాలి, లేకపోతే కాయ సైజు పడిపోతుంది.

ఎరువు విషయంలో ఒకటే మాట. యూరియా, కోళ్ల ఎరువు లాంటి నత్రజని ఎక్కువున్నవి తగ్గించండి. కత్తిరించినప్పుడు పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్ట్, కాయ పిందె పడ్డాక కొంచెం కట్టెల బూడిద, ఇంటి చెట్టుకు ఇవి సరిపోతాయి. బూడిద చౌడు నేలల్లో మాత్రం వద్దు. నీళ్లు పిందె నుంచి కాయ ఎరుపెక్కేదాకా తప్పనివ్వకండి, ఒక్కసారి బాగా ఎండబెట్టినా పిందెలు రాలతాయి. ఎరుపు దాటి నలుపుకు తిరిగేటప్పుడు నీళ్లు కాస్త తగ్గిస్తే తీపి పెరుగుతుంది.

చీడల్లో ముఖ్యంగా చూడాల్సింది టుక్రా. కొమ్మ చివర ఆకులు ముడుచుకుని, ముదురు ఆకుపచ్చగా గిడసబారి, విప్పి చూస్తే లోపల తెల్లటి దూదిలాంటి పిండినల్లి ఉంటుంది. మందుకు పరుగెత్తొద్దు. ఆ చివర్లను కత్తిరించి కవర్లో కట్టి తీసేయండి, కాల్చేస్తే ఇంకా మంచిది. చీమలు ఎక్కకుండా చూడండి, పిండినల్లిని మోసుకొచ్చి కాపాడేది అవే. కొన్ని అక్షింతల పురుగులు పిండినల్లిని తింటాయి, పట్టు రైతుల కోసం వాటిని పెంచి ఇస్తారు కూడా. బొప్పాయి పిండినల్లి 2008లో తమిళనాడులో కనబడి మల్బరీ తోటల్ని కూడా పాడుచేసినప్పుడు, దాన్ని అదుపు చేసింది 2010లో విదేశం నుంచి తెప్పించి వదిలిన ఒక చిన్న పరాన్నజీవి కందిరీగే. చెట్టు నిండా తినే పండు ఉండగా పురుగుమందు కొట్టడం నాకు అస్సలు మనసొప్పదు. మల్బరీ పండుకు తొక్క ఉండదు, కడిగినా పూర్తిగా పోదు. చలికాలంలో ఆకు అడుగున బూడిద తెగులు వస్తుంది. కొమ్మలు పలచన చేసి గాలి ఆడనిస్తే చాలావరకు తగ్గుతుంది.

కోత

ఎక్కువమంది పండును తొందరపడి కోస్తారు. నల్లటి రకం పండు ఆకుపచ్చ నుంచి లేత గులాబీకి, ఎరుపుకు, ఊదాకు, చివరికి నలుపుకు తిరుగుతుంది. ఎర్రగా నిగనిగలాడేటప్పుడు చూడ్డానికి బాగుంటుంది, నోట్లో పెట్టుకుంటే పులుపు. కోశాక అది మామిడిలా మాగదు, రంగు కాస్త ముదిరినా తీపి రాదు. పూర్తిగా నల్లబడి, మెరుపు కొంచెం తగ్గి, వేలు తగిలితే చాలు చేతిలోకి వచ్చేది అసలు పండు. లాగాల్సి వస్తే ఇంకో రోజు ఆగండి. తెల్ల, లేత రంగు రకాలకు రంగు చూసి చెప్పలేం, మెత్తదనమే గుర్తు. పచ్చి కాయలు, కొమ్మ పాలు కడుపులో తిప్పుతాయి, పిల్లల్ని పచ్చివి తిననివ్వకండి.

ఒకే కొమ్మ మీద పచ్చివి, ఎర్రవి, పండినవి కలిసి ఉంటాయి. అందుకే కాపు ఉన్నన్నాళ్లు రోజూ పొద్దున్నే ఒకసారి చెట్టు దగ్గరికి వెళ్లాలి. ఎండెక్కాక కోస్తే పండు వేడిగా ఉండి గిన్నెలోనే నలిగి రసం కారుతుంది. వెడల్పు పళ్లెంలో ఒకటి రెండు వరసలకు మించి పొయ్యకూడదు. చెట్టు పెద్దదైతే కింద పాత నూలు చీర పరిచి కొమ్మను మెల్లగా ఊపితే చాలు. పండినవే రాలతాయి, ఎర్రవి కొమ్మనే ఉంటాయి. తొడిమ పండుతోనే వస్తుంది. అలాగే తినొచ్చు, జామ్‌కైతే చిన్న కత్తెరతో తీసేయండి.

పిగిలిపిట్టలు, గోరింకలు, కోకిలలు మనకంటే ముందే వస్తాయి. పెద్ద కన్నుల వల వేస్తే పిట్టలూ పాములూ చిక్కుకుంటాయి. మీకు కావలసిన నాలుగైదు కొమ్మలకు పాత దోమతెర గుడ్డ చుట్టి, పై కొమ్మలు వాటికి వదిలేయండి. మల్బరీ ఒకసారి కాపు మొదలెడితే అందరికీ సరిపోయేంత కాస్తుంది.

ఈ పండు మార్కెట్లో ఎందుకు దొరకదో ఇంటికి తెచ్చుకున్న రోజే తెలుస్తుంది. నూరు గ్రాముల్లో దాదాపు 88 గ్రాములు నీళ్లే, పైన తొక్క లేదు. ఫ్రిజ్‌లో పెట్టినా రెండు మూడు రోజులకు మించి ఆగదు. తినేముందే కడగాలి, కడిగి పెడితే సాయంత్రానికే బూజు. ఎక్కువ ఉంటే పళ్లెంలో విడివిడిగా పరిచి ఫ్రీజర్‌లో గడ్డకట్టించి, తర్వాత డబ్బాలో పోసుకుంటే నెలల తరబడి ఉంటాయి. జామ్‌కు పండిన వాటిలో నాలుగో వంతు ఎర్ర కాయలు కలపండి. మల్బరీలో పులుపూ, జామ్‌ను గట్టిపరిచే పెక్టిన్ అనే పదార్థమూ తక్కువ, ఆ రెండూ ఎర్ర కాయలో ఎక్కువ. ఒక నిమ్మకాయ పిండితే రంగు కూడా వెలుగొస్తుంది. అఫ్గానిస్థాన్‌లో తెల్ల పండ్లు ఎండబెట్టి పొడి కొట్టి, అక్రోటు పప్పుతో కలిపి తల్ఖాన్ అనే ముద్ద చేసి చలికాలానికి దాచుకుంటారు. మన మార్చి ఎండకు పొడుగు తెల్ల రకం బాగానే ఎండుతుంది, నల్ల రకం మాత్రం ఎండేలోపు పులుస్తుంది.

నూరు గ్రాముల పండులో విటమిన్ సి సుమారు 36 మిల్లీగ్రాములు, ఇనుము దాదాపు 1.8 మిల్లీగ్రాములు ఉంటాయి, పండ్లలో ఇది మంచి లెక్కే. షుగర్ తగ్గుతుందని మల్బరీ ఆకు టీ తాగేవాళ్లు ఉన్నారు. ఆకులో పిండి పదార్థం చక్కెరగా మారడాన్ని నెమ్మదింపజేసే పదార్థం ఉన్న మాట నిజమే. అందుకే ఇప్పటికే షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు డాక్టరును అడగకుండా తాగకూడదు, షుగర్ మరీ పడిపోవచ్చు. పండు సంగతి వేరు, అది తియ్యటి పండే, దాన్ని పండుగానే లెక్కవేసుకోవాలి.

బట్టల మీద మరక పడితే నేరుగా సబ్బు పెట్టకండి. ఈ రంగు పులుపు తగిలితే ఎర్రబడుతుంది, సబ్బులోని క్షారం తగిలితే నీలంగా మారుతుంది. మొదట చల్లటి నీళ్లు, తర్వాత నిమ్మరసం రుద్ది కాసేపు ఉంచి, ఆ ఎరుపు వదిలాకే సబ్బు పెట్టండి. చేతులకు కూడా ఇంతే.

కాపు అయిపోయాక కాసిన రెమ్మల్ని వెంటనే కొంచెం వెనక్కి కత్తిరించండి. అవి ముదిరి మళ్లీ బూడిద రంగుకు తిరగడానికి ఎండాకాలం, వానాకాలం రెండూ సమయం దొరుకుతుంది, అక్టోబరు కత్తిరింపుకు సిద్ధంగా ఉంటాయి. తీసేసిన ఆకులు మేకలకు, ఆవులకు మంచి మేత. ముదురు కొమ్మల్లోంచి కడ్డీలు తీసి అడిగినవాళ్లకు ఇచ్చేటప్పుడు ఆ చెట్టు పండు పొట్టిదో పొడుగుదో, ఏ నెలలో కాసిందో, ఎప్పుడు కత్తిరించారో కాగితం మీద రాసి కట్టి ఇవ్వండి.